నాష్టా ఇంగ్లీషు నేర్వ ఇందూరు పోయిన ముచ్చట

"ఇంకో రొట్టె ఏస్తున్న."

"వద్దే, సాలు."

నేనూ మా ఆయన సామేలూ ఈ లోకంలో ఆఖరుగా అనుకున్న మాటలు ఇవే. వద్దన్నాడు, అయినా వేశాను. జొన్నరొట్టె, దాని మీద ఇంత ఎల్లిపాయ కారం. తల వంచుకుని తిన్నాడు. కంచంలోనే చెయ్యి కడిగి, సైకిల్ తీసుకుని రైసు మిల్లుకు పోయాడు. ఎండ ముదరకముందే మిల్లు నుంచి మనిషి వచ్చాడు. బస్తాలకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఒరిగిపోయాడట.

మా దిక్కు వద్దంటే వద్దని కాదు. మొదటి వద్దు మర్యాదకు. రెండోసారి కంచం మీద చెయ్యి అడ్డం పెడతారు, అదీ మర్యాదకే. వేళ్ల సందులోంచి వేసేస్తాం. కంచంలో చెయ్యి కడిగితేనే కడుపు నిండినట్టు. ఒక్క వద్దుకే గిన్నె లోపలికి పట్టుకుపోయిన ఆడదాన్ని గురించి మా చుట్టాల్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆమె చచ్చిపోయి కూడా చాలా ఏళ్లయింది.

ఇదంతా ముందే ఎందుకు చెబుతున్నానంటే, ఇది తెలియకపోతే నేను ఇందూరు వెళ్లి ఎట్లా తిరిగొచ్చానో మీకు తెలియదు. ఇందూరు అంటే నిజామాబాదే. మా ముసలివాళ్లు అట్లానే అంటారు, నాకూ అదే నోట్లో ఉంది.

మా సంఘం పాస్టరమ్మ అడిగింది. "నువ్వు పోయొచ్చినవ్ గద, పోనోళ్లకు జర చెప్పు, స్త్రీల సమాజం పుస్తకంల ఏస్తం" అంది. నాకు సంతకం వస్తుంది, బస్సు మీద ఊరి పేరు పోల్చుకుంటాను, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా బావ కూతురు రూతు రాస్తోంది. డిగ్రీ చదివిన పిల్ల. నేను "పోయిన" అంటే ఆమె "వెళ్లాను" అని రాస్తుంది. అట్లా రాస్తేనే పుస్తకంలో వేస్తారట. సరే, వేయనీ.

వసారాలో పెట్టె

సామేలు ఉన్నప్పుడు మేం బోధన్‌లో, మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ వెనక కిరాయికి ఉండేవాళ్లం. ఆయన పోయాక వాళ్ల అన్న, మా బావ, వచ్చి నన్ను కోటగిరికి తీసుకొచ్చాడు. ముందు గది ఇచ్చారు. నాకు పిల్లల్లేరు. ఒక పెట్టె, ఒక పరుపు, ఒక బైబిలు. బైబిలు చదవలేను, తల దగ్గర పెట్టుకుంటాను.

బావ కొడుక్కి పెళ్లి కుదిరింది. కొత్త జంటకు ఆ ముందు గదే కావాలి. నన్ను వెళ్లమని ఎవరూ అనలేదు. గదికి సున్నం వేయించారు. సున్నం వేసేటప్పుడు నా పెట్టె వసారాలో పెట్టారు. సున్నం ఆరింది. పెట్టె మళ్లీ లోపలికి రాలేదు.

"చిన్నమ్మ, ఇది కూడ రాయాల్నా?" అని రూతు అడుగుతోంది. రాయి బిడ్డా. మీ అమ్మా నాయినా చెడ్డవాళ్లని చెప్పట్లేదు. ఇల్లు చిన్నదని చెబుతున్నాను.

అప్పుడే పాస్టరమ్మ ఈ సంగతి తెచ్చింది. నిజామాబాద్‌లో ఒక పెద్ద హోటల్‌లో పొద్దున నాష్టా పెట్టే హాల్‌లోకి ఆడవాళ్లను తీసుకుంటారట. అక్కడ దిగేవాళ్లు పసుపు కొనను వచ్చే దూరదేశపు వ్యాపారులు, ఇంజనీర్లు, పెద్ద డాక్టర్లు. వాళ్లతో నాష్టాకు సరిపోయేంత ఇంగ్లీషు మాట్లాడాలి. ఆ మాటలు కొన్ని రోజులు పైసలు లేకుండా ఉత్తగనే నేర్పుతారు. మొగుడు లేనివాళ్లకు, వదిలేసినవాళ్లకు ముందు. ఆఖరున పరీక్ష, గెలిస్తే కొలువు, హోటల్ వెనక ఆడవాళ్ల గదిలో ఒక మంచం. జీతం ఎంతో నేను అడగలేదు. మంచం ఉందా అని రెండుసార్లు అడిగాను.

కోటగిరి నుంచి బోధన్

ఆడవాళ్లకు బస్సులో పైసలు లేవు కదా. ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరమ్మ సున్నా చీటీ ఇచ్చింది. కాలువ నీళ్లు పారుతున్నాయి, రెండు పక్కలా నాట్లు. ఒకప్పుడు ఈ దారంతా చెరుకే. మనిషి దూరితే కనిపించేవాడు కాదు.

నా పక్కన ఒక మరాఠీ ఆమె కూర్చుంది. బిలోలి దిక్కు మనిషి, కాళ్ల దగ్గర రేగుపండ్ల గంప. మూట విప్పి భాకరీ తీసింది. మన జొన్నరొట్టెనే, కొంచెం మందం. దాంట్లో పచ్చిమిరపకాయలు దంచిన నూరుడు. సగం తుంచి నా ముందు పెట్టింది.

"వద్దక్క" అన్నాను.

"ఖా, ఖా" అని నా ఒళ్లో పడేసింది.

"నాష్టా చేసే వచ్చిన" అన్నాను. చేయలేదు. ఆమె నా మొఖం చూసి ఇంకో తునక వేసింది. తర్వాత వచ్చీ రాని తెలుగులో అడిగింది, "యాడికి బాయి?"

"ఇంగ్లీషు నేర్వ పోతున్న."

ఆమె పక్కకు తిరిగి చాలాసేపు నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, "నాకు గూడ జర తే, ఇంటికి" అంది, నేను సంతకు ఉప్పు కొననో పప్పు కొననో పోతున్నట్టు. దిగేటప్పుడు దోసెడు రేగుపండ్లు నా కొంగులో పోసింది. మహారాష్ట్ర సరిహద్దు దాటినా కంచం దగ్గర పద్ధతి ఒకటేనని అప్పుడు తెలిసింది. ఆ సంతోషం బోధన్ దాకా ఉంది.

బోధన్‌లో బస్సు మారాలి. స్టాండు ముందు ఒక చాయ్ తాగాను, పది రూపాయలు, గ్లాసు బొటనవేలంత. అక్కడి నుంచి ఫ్యాక్టరీ పొగగొట్టం కనిపిస్తుంది. పొగ లేదు. సామేలు వయసులో ఉన్నప్పుడు అక్కడే పనిచేశాడు. సీజన్‌లో ఆయన అంగీ విప్పితే చెరుకురసం కాగిన వాసన, బట్ట బిరుసుగా నిలబడేది. ఊరంతా అదే వాసన. ఇప్పుడు స్టాండులో డీజిల్ వాసన తప్ప ఇంకేం లేదు. చెరుకు ట్రాక్టరు ఒకటి పోయింది గానీ ఫ్యాక్టరీ దిక్కు కాదు, ఇంకెటో పోయింది. చూస్తూ నిలబడి చాయ్ చల్లార్చుకున్నాను.

టేబుల్ మీద సామాన్లు

పసుపు కొమ్ములు వచ్చే కాలం అది. నిజామాబాద్‌లో బస్సు దిగి ఎక్కిన ఆటో మార్కెట్ యార్డు దిక్కు తిరగగానే ముక్కు పచ్చబడింది. హమాలీల కనురెప్పల మీద కూడా పసుపే. తరగతి ఆ దగ్గరే, ఒక దుకాణం పైన మేడ గది. నేర్పే ఆమె షాహీన్ మేడం. నిజామాబాద్ మనిషి, ముసలితనానికి దగ్గరపడింది, గొంతు మాత్రం పిల్ల గొంతు. పలకా లేదు, పుస్తకం లేదు. "మీరు రాయొద్దు, సదవొద్దు. సూడండి, పట్టుకోండి, అనండి" అని టేబుల్ మీద అన్నీ పరిచింది.

షుగర్ అంటే ఏందని మొదలు అడిగింది. అందరం నవ్వాం. బోధన్ కుక్కకు కూడా ఆ మాట తెలుసు.

మిగతావి తెలియవు. కాల్చిన రొట్టె ముక్క టోస్ట్. వెన్న బటర్. పండ్ల పాకం జామ్. చేతికి మూతికి తుడుచుకునే గుడ్డ నాప్కిన్. ముళ్ల చెంచా ఫోర్క్, దాన్ని ఎడమ చేత్తో పట్టాలి. ఎడమ చేత్తో తిండి ముట్టడం నాకు ఎంతసేపటికీ పట్టుబడలేదు. చిన్నప్పుడు అట్లా ముడితే మా అవ్వ వేళ్ల మీద కొట్టేది. ఇప్పుడు ముట్టకపోతే మేడం "లెఫ్ట్, లెఫ్ట్" అంటుంది.

గుడ్డుకు వాళ్లు ఎన్ని పేర్లు పెట్టారో. ఉడకబెడితే బాయిల్డ్, ఒకవైపే కాలిస్తే హాఫ్ ఫ్రై, చితక్కొడితే స్క్రాంబుల్డ్, మడిస్తే ఆమ్లెట్. మనింట్లో ఆరుగురికి రెండు గుడ్లుంటే పొరటు చేసి ఉల్లిగడ్డ కలిపి సరిపెడతాం. ఒక్క మనిషికి ఒక్క గుడ్డు, అదీ ఎట్లా కావాలో అడిగి మరీ చేయడం అనేది నాకు కొత్త.

కార్న్‌ఫ్లేక్స్ అని ఒక డబ్బా విప్పింది. నోట్లో వేసుకుని, "మేడం, ఇవి మక్కలు" అన్నాను.

"అవునమ్మా, మక్కలే."

"మక్కలను గింత పలుచగ ఎవలు కొట్టిండ్రు? గటుక కాయకుండ సల్లటి పాలల్ల పోసుకునుడేంది?"

"గదే నాష్టా అంటరమ్మా వాళ్లు" అంది మేడం. డబ్బా ధర చెబితే ఎవరూ నమ్మలేదు. ఆ పైసలకు కోటగిరిలో మక్కల సంచి మోయలేక ఆటో మాట్లాడుకోవాలి.

తినే ముందు కళ్లు మూసుకుని దేవునికి స్తోత్రం చెప్పుకోవడం నాకు అలవాటు. టోస్ట్ ముందు కూడా మూసుకున్నాను. తెరిచి చూస్తే అందరూ ముక్క చేతిలో పట్టుకుని నాకోసం ఆగి ఉన్నారు. ఆ కంగారులో ఒక సాసర్ కింద పడి పగిలింది. పెంకులు ఏరను వంగాను. వెనక నుంచి ఒకామె, "దిష్టి పోయింది తియ్యక్క" అంది. అట్లా గంగమణి పరిచయమైంది.

గంగమణి ఇల్లు

గంగమణిది నిజామాబాదే. బీడీలు చుడుతుంది. మొగుడు దుబాయి పోయి అక్కడే ఇంకో కాపురం పెట్టాడు. నాకు ఉండను చోటు లేదని తెలిసి తన ఇంటికి తీసుకుపోయింది. ఒకటే గది, ఒక మూల పొయ్యి, ఒక మూల అత్త. అత్త చాప మీద తునికాకు కత్తిరిస్తూ నన్ను పైనుంచి కిందికి చూసింది.

"మొగుడెల్లగొట్టినోళ్లు, మొగుడు సచ్చినోళ్లు కలిసి బటర్ నేర్సుకుంటుండ్రా" అంది.

"అవునత్త, నేర్సుకొని నీకే రుద్దుత మోకాళ్లకు" అంది గంగమణి. ముసలామె కోపం తెచ్చుకోబోయి మరిచిపోయి నవ్వింది. రాత్రికి నాకు పెట్టిన అన్నంలో ఆమె చేత్తో నెయ్యి వేసింది. వద్దన్నాను. మళ్లీ వేసింది.

గంగమణి మాటలు నేర్చుకునే పద్ధతి ఇట్లా ఉండేది. ఆకు తీసి తంబాకు పోసేటప్పుడు తెలుగు మాట అంటుంది, చుట్టి దారం కట్టేటప్పుడు ఇంగ్లీషు మాట. "వెన్న", చుట్టుడు, "బటర్", ముడి. ఒక బీడీకి ఒక మాట. తప్పు చెబితే ఆ బీడీ విప్పేస్తుంది. "గట్ల ఎందుకు, మంచి బీడీ గద" అంటే, "కార్ఖానల ముసలోడు వంకర బీడీ సూస్తె వద్దని పక్కకు పారేస్తడక్క. వద్దంటె వద్దే. మల్ల ముంగట పెడితె పెట్టినోళ్లనే ఎల్లగొడ్తడు. చిన్నప్పటి సంది గదే అలవాటైంది" అంది. ఆ మాట అప్పుడు నేను పట్టించుకోలేదు.

నాది వేరే పద్ధతి. చదువు రాదు గనక కీర్తనలన్నీ నేను చెవితోనే నేర్చుకున్నాను. ఈ మాటలనూ అట్లానే రాగం కట్టి కడుపులో వేసుకున్నాను. వాట్ ఉడ్ యూ లైక్ ఫర్ బ్రేక్‌ఫాస్ట్. అది ఎన్ని మాటలో నాకు తెలియదు, నాకు ఒకటే పల్లవి.

దాని అర్థం నీకు నాష్టాకు ఏం ఇష్టమని. మేడం చెప్పినప్పుడు నేను ఆగిపోయాను. మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అట్లా అడగరు. "తిన్నవా?" అని అడుగుతాం, లోపల కుండలో ఉన్నా లేకపోయినా. ఏం తింటావని చుట్టాన్ని అడిగితే, నీకు పెట్టాలా ఏంటి అన్నట్టు ఉంటుంది. సామేలును ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నీకేం ఇష్టమని నేను అడగలేదు. ఆయనా అడగలేదు. ఉన్నది పెట్టాను, తిన్నాడు. ఇప్పుడు ఎవరో తెలియని మనిషికి రోజూ పొద్దున ఆ మాట అడగను నేర్చుకుంటున్నాను.

కిటికీ పక్క మంచం

రోజులు గడిచేకొద్దీ మాటలు నాకే ఎక్కువ వచ్చాయి. షాహీన్ మేడం నన్ను లేపి చెప్పించేది. "సూడండి, ఈ అమ్మకు అక్షరం రాదు, మీకంటె సాఫ్ చెప్తున్నది" అనేది. ఇన్నేళ్లలో నన్ను ఒక తరగతిలో నిలబెట్టి మెచ్చుకోవడం అదే మొదలు.

ఒకరోజు హోటల్ చూపించను తీసుకుపోయారు. నాష్టా హాల్‌లో నేల మీద మన మొఖం కనిపిస్తుంది. అక్కడ ఒక కాఫీకి పెట్టే పైసలతో ఇంటిల్లిపాదీ పూరీలు తినొచ్చు. వెనక ఆడవాళ్ల గది చూపించారు. నాలుగు ఇనుప మంచాలు, ఒకటి కిటికీ పక్కన. కిటికీలోంచి ఒక వేప కొమ్మ, ఎవరిదో మేడ మీద ఆరేసిన బట్టలు. ఆ మంచం కిందికి వంగి చూశాను. నా పెట్టె పడుతుంది.

గంగమణి చూసింది. "గా కిటికి మంచం నీదే అక్క. నేను గోడకు పండుకుంట, నాకు ఎల్తురు పడదు" అంది. ఇల్లు పంచుకున్నట్టు మంచాలు పంచుకున్నాం. ఆ సాయంత్రం రూతుకు ఫోన్ చేసి, "నా పరుపు ఎండల ఏసి పెట్టు బిడ్డ, తీసుకపోత" అని కూడా చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. ఆమె నిజంగానే వేసింది.

రెండు టోస్టులు

పరీక్ష హోటల్‌లోనే, పొద్దున్నే. మేనేజరే నాష్టాకు వచ్చిన గిరాకీ లాగా టేబుల్ దగ్గర కూర్చున్నాడు. ఒక్కొక్కరం వెళ్లి అడిగి, తెచ్చి, పెట్టాలి. బక్కపలచటి మనిషి, మెడ కింది గుండీ దాకా పెట్టుకున్నాడు. మంచివాడే. ముందే చెబుతున్నాను, ఆయన మీద నాకు కోపం లేదు.

నా వంతు వచ్చింది. గుడ్ మార్నింగ్ సార్ అన్నాను. పల్లవి తప్పు లేకుండా అన్నాను. టోస్ట్, కాఫీ అన్నాడు. తెచ్చాను. నాప్కిన్ పెట్టాను, ఫోర్క్ ఎడమ పక్క పెట్టాను. షాహీన్ మేడం దూరం నుంచి తల ఊపుతోంది. తర్వాత గుడ్ల గిన్నె పట్టుకుని, "బాయిల్డ్ ఎగ్, సార్?" అని అడిగాను.

"నో, థాంక్యూ."

నో అంటే ఏంటో నాకు తెలుసు. నేర్చిన మాటల్లో అన్నింటికంటే చిన్న మాట అది. కానీ ఆయన పళ్లెంలో రెండు ఎండిన టోస్టులున్నాయి, ఇంకేం లేదు. నా చెయ్యి నన్ను అడగలేదు. గుడ్డు తీసి పళ్లెంలో వేసింది.

ఆయన గుడ్డును చూశాడు, నన్ను చూశాడు. "నో, నో" అని చెయ్యి అడ్డం పెట్టాడు.

"వన్ ఓన్లీ సార్" అని వేళ్ల సందులోంచి ఇంకోటి వేశాను.

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. మేనేజర్ నవ్వలేదు. మెల్లగా తెలుగులో చెప్పాడు. "అమ్మా, పసుపు కొననీకి వచ్చే సేట్లల్ల గుడ్డు ముట్టనోళ్లు శానమంది. ప్లేట్ల గుడ్డు పడితె ఆ టేబుల్ మీద మళ్ల నీళ్లు గూడ తాగరు. ఒకరికి ఒంటికి పడదు, ఒకరికి ఉపాసం ఉంటది. నో అంటె నో. గిన్నె పట్టుకొని పక్క టేబుల్‌కు పోవాలె, గంతే. ఇంకోసారి చెయ్యి."

ఇంకో పళ్లెం తెప్పించాడు. మళ్లీ రెండు టోస్టులు. మళ్లీ అడిగాను.

"నో, థాంక్యూ."

ఈసారి చెంచాను గిన్నెలోనే అదిమిపెట్టాను. గుడ్డు వేయలేదు. గిన్నె తీసుకుని పక్కకు వెళ్లాలి, అంతే మిగిలింది. కాలు కదలలేదు. ఒక మగమనిషి వద్దంటున్నాడు, ఆయన కంచంలో సరిగా ఏమీ లేదు, నేను గిన్నె తీసుకుని తిరిగి వెళ్లిపోవాలి. ఆ రోజు నేను అట్లా వెళ్లిపోయి ఉంటే సామేలు ఒక రొట్టె తక్కువతో చచ్చిపోయేవాడు. ఆయనకు నేను ఏ ఆస్పత్రీ చూపించలేదు, చేతిలో చెయ్యి కూడా పెట్టలేదు, వద్దన్నా వేసిన ఆ రొట్టె ఒక్కటే పెట్టి పంపాను. అది తప్పని నేర్చుకుంటేనే మంచం ఇస్తామంటే, ఎట్లా నేర్చుకోవాలో నాకు తెలియలేదు. నిలబడ్డాను. షాహీన్ మేడం వచ్చి నా చేతిలోంచి గిన్నె తీసుకుంది.

గంగమణి గెలిచింది. ఆయన నో అనగానే చిరునవ్వు నవ్వి గిన్నెతో పక్కకు తిరిగింది. చక్కగా చేసింది. నేను మళ్లీ మేనేజర్ దగ్గరికి పోయి అంట్లు తోమే పని ఉన్నా చెప్పమని అడిగాను. అది వేరేవాళ్లు చూస్తున్నారట, వాళ్లకు గది ఇవ్వరట.

మేం పోయేముందు గెలవనివాళ్లను కూడా కూర్చోబెట్టి నాష్టా పెట్టమన్నాడు, కొత్తవాళ్లకు అభ్యాసం అవుతుందని. గంగమణికి అప్పటికే నల్ల కోటు తొడిగారు. పళ్లెం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. నాకు ఆకలిగా ఉంది. భయంతో, ముందు రోజు సాయంత్రం నుంచి ఏమీ తినలేదు, అది ఆమెకు తెలుసు.

"టోస్ట్, మేడం?" అంది.

"వద్దు" అన్నాను. మొదటి వద్దు.

ఆమె నన్ను చూసింది. వెనక నిలబడ్డ మేనేజర్ దిక్కు చూసింది. కళ్లనిండా నీళ్లు తెచ్చుకుంది. పళ్లెం తీసుకుని పక్క మనిషి దగ్గరికి వెళ్లింది. కొలువు దొరికిన మొదటి గంటలో ఆమె ఇంకేం చేస్తుంది. నేను రెండోసారి అడుగుతుందని కంచం దగ్గర చేతులు పెట్టుకుని కూర్చునే ఉన్నాను.

తిరుగు దారి

షాహీన్ మేడం బస్సు దాకా వచ్చింది. "మీ దిక్కు, మా దిక్కు ఒకటేనమ్మా. మా ఇంట్ల గూడ సుట్టం వద్దంటె మేం ఇనం" అంది. తర్వాత కొంగుతో ముక్కు తుడుచుకుని, "గని నేను నేర్పినప్పుడు వద్దంటె ఆగుడు నేర్పలే. మాటలే నేర్పిన" అంది. ఆమెను ఓదార్చే ఓపిక నాకు లేదు. కిటికీ దగ్గర కూర్చున్నాను.

బోధన్‌లో చాయ్ తాగలేదు. పొగగొట్టం దిక్కు చూడలేదు. మరాఠీ ఆమె ఉంటుందేమోనని కోటగిరి బస్సులో ప్రతి సీటూ చూశాను. లేదు.

ఇంటికి వచ్చేసరికి ముందు గది తలుపుకు కొత్త పరదా వేలాడుతోంది, పువ్వుల పరదా. బావ భార్య, నా యారాలు, నా మొఖం చూసి ఏమైందని అడగలేదు.

"తిన్నవా?"

"తిన్న అక్క."

వినలేదు. పీట వేసి, వేడన్నం, పచ్చిపులుసు పెట్టింది. వద్దంటే కూడా రెండోసారి, మూడోసారి వేసింది. ఆమె ఏడుస్తూ వేస్తోంది, నేను ఏడుస్తూ తింటున్నాను. కంచంలో చెయ్యి కడిగాక లేచి వసారాలోకి వచ్చాను. పరుపు మడత పెట్టి పెట్టె మీద ఉంది. ఎండకు ఇంకా వెచ్చగా ఉంది. అక్కడే పరుచుకున్నాను. పెళ్లి దాకా అక్కడే. వానలు పడితే ఏమిటో నాకు తెలియదు. అడిగితే అక్క చెప్పదు, నేనూ అడగను.

సంఘం ఆడవాళ్లకు నేను చెప్పేది ఇంతే. పోవాలనుకునేవాళ్లు పోండి. మాటలు కష్టం కాదు, నాలాంటిదానికే వచ్చాయి. ఇప్పటికీ పొద్దున లేవగానే అన్నీ వరుసగా నోట్లోకి వస్తాయి, టోస్ట్, బటర్, జామ్, బాయిల్డ్ ఎగ్, అడిగేవాళ్లు లేకపోయినా. కానీ పోయేముందు ఇంట్లో ఎవరినైనా కూర్చోబెట్టుకుని, వాళ్లు ఒక్కసారి వద్దంటే గిన్నె వెనక్కి తీసుకుపోవడం అలవాటు చేసుకోండి. మీ చేతనైతే. నాకు చేతకాలేదు, ఇక మీదట కూడా కాదు.

సాలు బిడ్డ, రాసింది సాలు. చెయ్యి నొస్తున్నదేమో, జరసేపు ఆగి, మొదటి నుంచి ఒక్కసారి సదివి ఇనిపియ్యి రూతు. జల్ది జల్ది సదవకు. మీ చిన్నాయిన వద్దన్న కాడ జర ఆగు. నేను రొట్టె ఏసినంక ముంగటికి పో.